ఎడమ తలుపు మీద నలుపు

మా నాన్నగారి కారు ఎడమ తలుపు మీద గీత పడిన రోజున, అది ఎలా పడిందో ఇంట్లో అందరికీ తెలుసు. గీత లోపల సున్నం ఉంది. నర్సీపట్నం బజార్లో తిరిగే ఏ ఎడ్లబండికీ సున్నం వెయ్యరు. మా గేటు స్తంభాలకి మాత్రం ఆ ఉగాదికే వేయించాం. అయినా నాన్నగారు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "సంతలో ఎవడో బండి ఇరుసు తగిలించి పోయాడు" అన్నారు. అమ్మ "అలాగా" అంది. నాయనమ్మ ఆ లేని బండివాణ్ణి, వాడి ఎద్దుల్ని కలిపి తిట్టింది. నేను గేటు దాకా వెళ్ళి చూశాను. స్తంభానికి నడుమెత్తున సున్నం రాలి ఇటుక బయటపడింది. ఇటుక మీద నల్లటి చార ఉంది.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. నాన్నగారు డాక్టరు. పొద్దున్న ఇంటి వరండాలోనే రోగుల్ని చూసి, భోజనం చేసి, కారు వేసుకుని రోలుగుంట వైపో మాకవరపాలెం వైపో కేసులకి వెళ్ళేవారు. ఆ కారు ఏజెన్సీలో కాఫీ తోటలు చూసే ఒక పెద్ద ఆఫీసరు బదిలీ మీద పోతూ అమ్మినది. గుండ్రటి మడ్‌గార్డులు, ఎక్కడానికి ఫుట్‌బోర్డు, పైనుంచి కిందదాకా నలుపు. మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడే అది పాత కారు. దాని చప్పుడు వినగానే పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా డాక్టరు బాబు వస్తున్నారని గట్టు మీదికి వచ్చేవారు.

ఆయన చూపు తగ్గుతోందని అప్పటికి కొంతకాలంగా మాకు తెలుస్తూనే ఉంది. ఎదురుగా ఉన్నది బాగానే చూసేవారు. సూదిలోకి మందు ఎక్కించడంలో, చీటీ రాయడంలో ఏ తేడా లేదు. ఎడమ పక్కన పెట్టిన కాఫీ గ్లాసు మాత్రం మోచెయ్యి తగిలి పడిపోయేది. "ఇక్కడెవరు పెట్టారు?" అని అమ్మ మీద విసుక్కునేవారు. రోజూ పెట్టే చోటే కదా అని అమ్మ అనేది కాదు, గుడ్డ తెచ్చి తుడిచేది. ఎడమ వైపు బల్ల మీద కూర్చున్న రోగి దగ్గితే తప్ప వాడున్నట్టు ఆయనకి తెలిసేది కాదు.

ఇదంతా ఇంట్లో గొడవ అనుకుంటే, ఒకరోజు మా స్కూలు పిల్ల ఒకతె క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. "టీచరండీ, నిన్న బలిఘట్టం రోడ్డులో మీ నల్లకారు నా మీదకొచ్చీసింది. నాను సైకిలొదిలీసి కాలవలోకి దూకీసినాను" అని నవ్వుతూ చెప్పింది. మోచేతి మీద చెక్కుకుపోయిన చోటు కూడా చూపించింది. డాక్టరుగారి కారు తప్పించుకోవడం ఆ పిల్లకి గొప్పగానే ఉంది. నేను ఆ చోటు కడిగి, నా చేతిరుమాలు కట్టి పంపాను.

ఆ సాయంత్రం నాన్నగారితో అన్నాను, "ఒక డ్రైవర్ని పెట్టుకుందాం నాన్నగారూ" అని.

"ఎందుకూ?" అన్నారు.

అంతే. నాకు కోపం ఎక్కువని స్కూల్లో పేరు. హెడ్మిస్ట్రెస్‌తో సైతం వాదించి నెగ్గేదాన్ని. నాన్నగారి ముందు మాత్రం నీళ్ళు నమిలి, "ఊరికే అన్నాను" అని లోపలికి వచ్చేశాను. వచ్చి అమ్మ మీద అరిచాను. అమ్మ పాపం బియ్యం ఏరుకుంటూ, "నన్నేం చెయ్యమంటావే?" అంది. ఆవిడ అడిగింది నిజంగానే. నాకూ తెలీదు.

సరిగ్గా ఆ తరవాత వారం ఈ గీత పడింది. గీతని వెంటనే చెరిపించెయ్యాలని నాన్నగారు పట్టుబట్టారు. గీత పోతే దాని వెనకున్న సంగతి కూడా పోతుందని కాబోలు. చింతపల్లి రోడ్డులో లారీలకీ బస్సులకీ రంగులేసే పెయింటర్ని పిలిపించారు. మనిషి సన్నగా, మాట మాత్రం లావుగా ఉండేది. లారీల వెనక పద్మాలు, గరుడపక్షులు తనేసినవి రాయపూర్ దాకా తిరుగుతున్నాయని వచ్చీ రాగానే చెప్పాడు. గీత మీద వేలు రాసి, "ఇదేటి బాబూ, అరసెయ్యంత పని. నలుపంటే మరీ సులువు. ఎరుపైతే కలపడం కట్టం గానీ, నలుపుకేటుంది, నలుపు నలుపే గదా. రేపు సాయింత్రానికి గీతెక్కడుండీదో మీరే ఎతుక్కోవాలి" అన్నాడు. నాన్నగారు చాలా రోజులకి నవ్వారు.

పెయింటరు రిక్షాలో కంప్రెసర్ వేసుకొచ్చి మా వరండాలో కరెంటు పెట్టుకున్నాడు. నీళ్ళలో ముంచిన గరుకు కాగితంతో గీత చుట్టూ రుద్దాడు. గుంటలో లప్పం పెట్టి ఆరనిచ్చి మళ్ళీ రుద్దాడు. దాని మీద బూడిదరంగు ప్రైమరు, దాని మీద నలుపు. మధ్యలో రంగు చిమ్మే గన్ను దగ్గరగా పెట్టి దట్టంగా కొట్టి, అంచులకి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసి రంగుని పొగలాగా వదిలేవాడు. కొత్త నలుపు ఎక్కడ ఆగిందో, పాత నలుపు ఎక్కడ మొదలైందో తెలియకుండా ఆ పొగ కలిపెయ్యాలట. పని చూడ్డానికి బాగానే ఉంది. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళి నిలబడిపోయాను.

రంగు పడీ పడగానే దాని మీద చిన్న చిన్న గుంటలు లేచాయి. మశూచి వచ్చి తగ్గిన మొహంలా అయింది తలుపు. పెయింటరు గన్ను దించి, దానికేసి చూసి, "రంగులో కలిపే తిన్నరు మంచిది కాదు" అన్నాడు. అంతా తుడిచేసి, మర్నాడు అనకాపల్లి నుంచి వేరే థిన్నరు తెప్పించి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అవే గుంటలు. కంప్రెసర్‌లో నీరు చేరిందన్నాడు. అది విప్పి బిగించాడు. ఈసారి వానమబ్బు పట్టి, తేమకి రంగు మీద తెల్లటి పొర కూడా వచ్చింది. ఆఖరికి ఎవరిదో దిష్టి తగిలిందని బంపరుకి నిమ్మకాయలు కట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కారు అలా వరండా పక్కన ఉన్నన్నాళ్ళూ నాన్నగారు కేసులకి రిక్షాలోనో, వచ్చినవాళ్ళ బండిలోనో వెళ్ళేవారు. నేను స్కూల్లో నిశ్చింతగా పాఠం చెప్పుకునేదాన్ని. సాయంత్రం ఇంటికి వస్తూ దూరం నుంచే తలుపు వైపు చూసేదాన్ని. గుంటలు కనబడితే ప్రాణం కుదుటపడేది. నాన్నగారికి మాత్రం ఓపిక తగ్గిపోతోంది. రెండు పూటలా బయటికి వచ్చి, తలుపు మీద చేత్తో తడిమి, "ఎంత దాకా వచ్చింది?" అని పెయింటర్ని అడిగేవారు. పక్కనే ఉన్నదాన్ని ఎంత దాకా వచ్చిందని అడగడమేమిటని ఆ మనిషికి అనుమానం రాలేదు.

శనివారం వచ్చింది. మా నాయనమ్మ మడి కట్టుకుని, చిన్న ఇత్తడి గిన్నెలో నువ్వుల నూనె, ఒక నల్లగుడ్డ పట్టుకుని కారు దగ్గరికి నడిచింది. పెయింటరు పొద్దుటే ప్రైమరు కొట్టి బీడీ కాల్చుకోవడానికి రోడ్డు మీదికి వెళ్ళాడు. వాడు తిరిగి వచ్చేసరికి నాయనమ్మ తలుపంతా నూనెతో నిగనిగలాడించి, మడ్‌గార్డు మొదలుపెట్టింది.

"ఓలమ్మ, మామ్మగారూ, ఏటి సేస్తన్నారు?" అన్నాడు వాడు, బీడీ కింద పడేసి.

"శనివారం కదరా నాయనా" అంది నాయనమ్మ.

సంగతి ఏమిటంటే, కారు ఇంటికి వచ్చిన రోజునే ఆవిడ దాన్ని శనీశ్వరుడి బండి అంది. నలుపు ఆయన రంగు. అలాంటి దాంట్లో తన కొడుకు రాత్రీ పగలూ తిరగడం ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు. వద్దంటే నాన్నగారు వినలేదు. అందుకని అప్పటినుంచి ప్రతి శనివారం శనీశ్వరుడికి ప్రీతిగా కారుకి నువ్వుల నూనె రాసేది. తను చెయ్యలేని రోజున మా చేత రాయించేది. నూనె రాస్తే మెరుస్తుంది కదా అని నాన్నగారు ఊరుకున్నారు. మాకు అది తలంటుపోసుకోవడం లాంటి మామూలు పని. పెయింటరు ఇన్నాళ్ళు తల బద్దలు కొట్టుకుంటుంటే, ఈ నూనె సంగతి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

నాన్నగారు వచ్చి సంగతి చెప్పేసరికి వాడు కింద కూర్చుండిపోయాడు. "ఇన్నేళ్ళ నూనె తాగీసి ఉంది బాబూ ఇది. దీని మీద నా రంగెలాగ నిలబడతాది?" అన్నాడు, ఏడుపు గొంతుతో. తప్పు తనది కాదని తేలినందుకు వాడి మొహంలో కొంచెం సంతోషం కూడా ఉంది.

ఆ తరవాత పెట్రోలు గుడ్డతో తలుపు తుడవడం మొదలైంది. గుడ్డ మీదికి జిగురు జిగురుగా గోధుమరంగు మడ్డి దిగింది. అది దిగిన చోట అసలు రంగు బయటపడింది. పాత పలక మీద సుద్ద చెరిపితే ఉండే రంగు. మేము ఇన్నాళ్ళూ మా కారు నలుపనుకున్నదాంట్లో సగం నాయనమ్మ నూనే. కొత్త నలుపు దేనితో కలపాలో ఇప్పుడు వాడికి తెలియలేదు. నూనె ఉన్నంత మేర ఒక నలుపు, తుడిచినంత మేర ఒక నలుపు, కొట్టిన చోట ఇంకో నలుపు. అంచు కలపడం కోసం ఇంకొంచెం తుడిచేవాడు. అక్కడ కొత్త అంచు పుట్టేది. అరచెయ్యంత పని తలుపంతా పాకి, ముందు మడ్‌గార్డు మీదికి కూడా ఎక్కింది. వాడి పద్మాలూ గరుడపక్షుల కబుర్లు ఆగిపోయాయి.

నూనె రాయొద్దని నాన్నగారు నాయనమ్మకి గట్టిగా చెప్పారు. ఆవిడ తల ఊపింది. మళ్ళీ శనివారం, ఇంట్లో అందరూ భోజనాలు చేస్తుంటే, ఆవిడ నూనె గిన్నెతో బయటికి వెళ్ళడం చూసి నేను వెనకే వెళ్ళాను. రంగు ఆరిన తలుపు మీదే, సరిగ్గా అంచు వెంబడి రాస్తోంది. నన్ను చూసి ఆపలేదు. "శనివారం కదే" అంది, నా మొహం చూడకుండా. ఆవిడ ఆ నూనె శనీశ్వరుడి కోసం రాసిందో కొడుకు కోసం రాసిందో నేను అడగలేదు. గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాను.

ఎన్నాళ్ళని ఆపగలం. ఒక ఆదివారం ఎండ బాగా కాసింది. పెయింటరు చివరిసారి రంగు కొట్టి, ఆరాక పాలిష్ పెట్టి, దూదితో రుద్ది, నాన్నగారిని పిలిచాడు. మేమంతా వరండాలోకి వచ్చాం. ఇంక కారు రోడ్డెక్కుతుందని అందరికీ తెలుసు. అమ్మ చీర కొంగు చుట్టచుట్టి నోటి దగ్గర పెట్టుకుంది.

నాన్నగారు తలుపుకి ఎదురుగా నిలబడ్డారు. దగ్గరికి వంగి చూశారు. కళ్ళు మూసుకుని వేళ్ళతో అంచు కోసం తడిమారు. చేతికి ఏమీ తగల్లేదు. "బాగుంది. కలిసిపోయింది" అన్నారు.

"అలాక్కాదు బాబూ" అన్నాడు పెయింటరు. వాడికి మళ్ళీ హుషారు వచ్చింది. "సూటిగా సూస్తే ఎవరికైనా బాగానే ఉంటాది. మాకు ఇశాపట్నంలో మేస్త్రీ ఒకటి నేర్పినాడు. బానెట్టు కాడినుంచి కారు ఎనక సివరి దాకా నడవండి, కారు మీకు ఎడం పక్కనుండాల. కారు వైపు సూడకండి. ముందుకే సూసుకోని నడవండి. రంగు కలవకపోతే కంటి కొసకి ఏటో అడ్డమొచ్చినట్టు తగులుతాది. తగల్లేదంటే కలిసిపోయినట్టే."

ఆపుదామని నోరు తెరిచాను గాని ఏమని ఆపను.

నాన్నగారు బానెట్టు దగ్గర నిలబడి, పంచె సవరించుకుని, ఎదురుగా ఉన్న గోడ మీద చూపు నిలిపి నడిచారు. పెళ్ళిపీటల మీదికి నడిచే పెళ్ళికొడుకులా నిటారుగా నడిచారు. కారు చివరికి వెళ్ళి ఆగి, "ఏమీ తగల్లేదు" అన్నారు.

పెయింటరు మొహం వెలిగింది. "టీచరమ్మగారూ, మీరు కూడా నడిసి సూడండి" అన్నాడు.

నాన్నగారు నా వైపు తిరిగారు. నడవక తప్పింది కాదు. గోడవైపే చూస్తూ నడిచాను. ముందు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఎడమ కంటి కొసలో ఒక చీకటి ముద్ద లేచి, నాతోపాటు కొంచెం దూరం వచ్చి పోయింది. తార్రోడ్డు మీద అతుకు వేసినట్టు అంత స్పష్టంగా ఉంది. అది తెలియకపోవడానికి వీల్లేదు.

"తగిలిందా?" అన్నారు నాన్నగారు.

అబద్ధం చెప్పొచ్చు. చెబితే మర్నాడు కారు రోడ్డు మీద ఉంటుంది. నాకు కాలవలో దూకిన పిల్ల మోచెయ్యి గుర్తొచ్చింది. "తగిలింది నాన్నగారూ" అన్నాను.

ఆయన వెనక్కి బానెట్టు దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ నడిచారు. ఈసారి నెమ్మదిగా. చివరికి వెళ్ళి, తిరిగి వచ్చి మూడోసారి నడవడం మొదలుపెట్టారు. నడుస్తూ ఎడమ చెయ్యి కొంచెం చాపారు, తలుపు ఎక్కడుందో తెలుసుకోడానికి. అది చూసి నేను మొహం తిప్పేసుకున్నాను. ఆయన్ని ఆపమని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. నేను ఆపలేకపోయాను. ఆవిడా ఆపలేదు.

మూడోసారి పూర్తయ్యాక ఆయన మాతో కాదు, పెయింటరుతో అన్నారు. "నాకు ఆ వైపు కనబడదు. ఎడమ కన్ను ముందు పోయింది. కుడి కంటికి కూడా చుట్టూ మూసుకొస్తోంది. మధ్యలో గుండ్రంగా ఇంత మిగిలింది." చేతి వేళ్ళతో ఆ గుండ్రం చూపించారు. "విశాఖపట్నం వెళ్ళి చూపించుకున్నాను. పోయింది ఇంక రాదు."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. డాక్టరు కదా, ఇళ్ళల్లో ఇలాంటి మాటలు చెప్పడం ఆయనకి అలవాటే. ఆ పనిలో మనిషి ఎలా నిలబడతాడో అలాగే నిలబడి చెప్పారు. వినేవాళ్ళం మాత్రం ఈసారి మేమయ్యాం. అమ్మ, ఎవరి ఇంట్లోనైనా ఎవరైనా అడిగేదే అడిగింది.

"ఏమీ చెయ్యలేమాండీ?"

వేరే ఇళ్ళల్లో ఆయన ఏం జవాబు చెప్పేవారో నేను ఎప్పుడూ వినలేదు. మా ఇంట్లో మాత్రం ఆయన మెట్లెక్కి వరండా కుర్చీలో కూర్చున్నారు. నాయనమ్మకి సగమే వినబడినట్టుంది, "ఏమంటున్నాడే?" అని నన్ను అడిగింది. నాకు ఒక్కసారి ఒళ్ళు మండిపోయింది. పెయింటరు మీద, వాడి విశాఖపట్నం మేస్త్రీ మీద, ఆ నలుపు మీద కోపం వచ్చింది. గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరిచినా ఒరిగేదేమీ లేదు. పెయింటరు చేతిలో దూదిని నలుపుకుంటూ, "రేపు మల్లీ రుద్ది కొడతాను బాబూ. తప్పకుండా కలిసిపోతాది" అన్నాడు. వాడికి తెలిసిన ఓదార్పు అదొక్కటే.

మధ్యాహ్నం భోజనాలు కాకుండానే రోలుగుంట అవతల పల్లె నుంచి ఒక రైతు ఎడ్లబండి మీద వచ్చాడు. కూతురికి నొప్పులు మొదలై చాలాసేపయిందట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. కారు మెరుస్తూ ఎండలో ఉంది. అది చూసి వాడికి ప్రాణం లేచి వచ్చింది. "కారు సిద్ధంగానే ఉంది గదా బాబూ. బేగెల్పోదాం. నా బండి ఇక్కడే ఉంటాది, రేపొచ్చి తోలుకెల్తాను" అన్నాడు.

నాన్నగారు సంచీ పట్టుకుని మెట్లు దిగారు. కారు దగ్గర ఒక్క క్షణం ఆగారు. మేమంతా వరండాలో నిలబడ్డాం. కారయితే అరగంటలో వెళ్ళొచ్చు. బండి మీద వెళ్ళేసరికి ఆ పిల్ల ఉంటుందో లేదో. ఆ లెక్క మాకంటే ఆయనకే బాగా తెలుసు.

"రంగు ఆరలేదురా" అన్నారు. వెళ్ళి బండి ఎక్కి కూర్చున్నారు.

ఆ రైతు కారు తలుపు వైపు, మా వైపు మార్చి మార్చి చూశాడు. ఆరినట్టే ఉంది కదమ్మా అన్నట్టు. వాడు పరుగెత్తి ఎద్దుల్ని అదిలించాడు. ఆ రోజు తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. నాన్నగారు చీకటి పడ్డాక వచ్చి కాళ్ళు కడుక్కుని ఆ సంగతి చెప్పారు. కారు ఉండుంటే అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. కేసులకి పిలవడానికి వచ్చినవాళ్ళు కారు వైపు చూసి అడుగుతూనే ఉండేవారు. రంగు ఇంకా ఆరలేదని ఆయన చెప్పేవారు. ఆయన ఇంట్లో లేనప్పుడు వచ్చి అడిగితే మేమూ అదే చెప్పేవాళ్ళం.